కొరికి చూడని మట్టి

భూగర్భ జలాల ఆఫీసులో ఆమెను అందరూ మట్టి మేడం అంటారు. ఎదురుగా అనరు. అయినా ఆమెకు తెలుసు, తెలిసీ పట్టించుకోదు. ఆ పేరు ఊరికే రాలేదు. బోరు వేసేటప్పుడు లోపలినుంచి వచ్చే మట్టిని మిగతావాళ్ళు వేళ్ళతో నలిపి చూస్తారు, నీళ్ళు చల్లి ముద్ద చేసి చూస్తారు. ఈవిడ మాత్రం చిటికెడు తీసి నేరుగా పళ్ళ మధ్య పెట్టుకుంటుంది. బంకమట్టి అయితే పళ్ళ కింద వెన్నలా జారిపోతుంది. అందులో ఏ కాస్త ఇసుక కలిసినా కరకరమంటుంది. వేళ్ళను మోసం చెయ్యొచ్చు గానీ పళ్ళను చెయ్యలేం అని ఆవిడ సిద్ధాంతం. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు మొదటిసారి చూసి మొహం అదోలా పెడతారు. నెల తిరిగేసరికి వాళ్ళూ ఎవరూ చూడకుండా కొరికి ఉమ్మేస్తుంటారు.

ఈ విద్య ఆమెకు కాలేజీలో అబ్బింది కాదు. అన్నయ్య నేర్పాడు. నేర్పాడు అనడం కూడా మర్యాదకే. వాళ్ళ నాన్న బోర్లు వేసేవాడు. బోరు బండి ఇంటి ముందు నిలబడి ఉండేది, పెరట్లో ఎప్పుడూ ఏదో ఒక మట్టికుప్ప ఉండేది. ఆమె ఇంకా బడికి కూడా వెళ్ళని రోజుల్లో అన్నయ్య నల్లటి బంకమట్టిని బిళ్ళలా చేసి, రంగుకాగితంలో చుట్టి, "చాక్లెట్టే పిచ్చుకా, ఒక్కటే ఉంది, ఎవరికీ చెప్పకు" అని చేతిలో పెట్టాడు. ఆ పిచ్చితల్లి నమిలి మింగేసింది కూడా. అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు, సాయంత్రం అమ్మ చేతిలో అతని వీపు విమానం మోత మోగింది. చెల్లెలికి మాత్రం కోపం రాలేదు. అన్నయ్య ఇచ్చాడంటే అది బాగుండే ఉంటుందనుకుని మర్నాడు ఇంకోటి అడిగింది. బక్కపలచగా ఉండి పొద్దస్తమానం కిచకిచలాడేదని పిచ్చుక అని పేరు పెట్టింది కూడా అతనే. తలలో తెల్లవెంట్రుకలు వచ్చాక కూడా, పదిమందిలో కూడా, అన్నయ్య ఆమెను ఇంకోలా పిలిచింది లేదు.

నాన్న పోయాక బండి అన్నయ్య చేతికి వచ్చింది, చదువు చెల్లెలి చేతికి. ఒకరు నేలకు చిల్లులు పెట్టేవారు, ఒకరు ఆ చిల్లుల్లోంచి వచ్చినదాన్ని చదివేవారు. ఇద్దరి మధ్యా అంతకు మించిన తేడా లేదని ఆమె అనుకునేది. అతను ఏమనుకునేవాడో ఆమె ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉండాల్సింది.

అసలు సంగతికి వద్దాం. పట్టణానికి చెత్త వేసుకునే కొత్త చోటు కావాల్సి వచ్చింది. పాత యార్డు కొండలా పెరిగిపోయి, గట్టిగా వాన పడితే రోడ్డు మీదికి జారుతోంది. పట్టణం పెద్ద ఇంజనీరు తూర్పు వాలు మీద కన్నేశాడు. ఖాళీ స్థలం, ఇళ్ళు లేవు, లారీలు పోయే దారి ఉంది. చిక్కల్లా ఒక్కటే. ఆ వాలు దిగువన వరసగా పంపు బావులున్నాయి. పట్టణం మొత్తం తాగేది ఆ నీళ్ళే.

చెత్తలోంచి కారే నల్లటి రసం నేలలోకి ఇంకి ఆ బావులదాకా చేరుతుందా చేరదా అన్నది తేల్చే పని మట్టి మేడంది. ఈ పనికి ఒక పద్ధతి ఉంది. నేలను పటం మీద గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడికీ మార్కులు వేస్తారు. నీళ్ళు ఎంత లోతున ఉన్నాయి, వాన ఎంత ఇంకుతుంది, పైమట్టి ఎలాంటిది, వాలు ఎంత, పైమట్టికీ నీటికీ మధ్య ఏముంది, అడుగున నీళ్ళు ఎంత జోరుగా కదులుతాయి, ఇలా. ఈ పరీక్షలో మార్కులు ఎక్కువ వచ్చాయంటే ఫెయిలైనట్టు. ఎక్కువ వచ్చిన గడికి ఎరుపు రంగు, పైన పోసింది ఇట్టే కిందికి దిగిపోతుందని. తక్కువ వచ్చినదానికి ఆకుపచ్చ, మధ్యలో అడ్డు ఉంది, నీళ్ళకు భయం లేదని.

తూర్పు వాలులో ఆ అడ్డు ఏదైనా ఉంటే అది బంకమట్టి పొరే. అది గిన్నె మీద మూతలా వాలంతా పరుచుకుని ఉంటే నీళ్ళు భద్రం. ఎక్కడైనా తెగి, అక్కడ ఇసుక ఉంటే, ఇవాళ పోసిన మురికి ఏదో ఒకనాడు జనం గ్లాసుల్లోకి వస్తుంది. అదీ వచ్చాక గానీ తెలియదు. తెలిశాక చెయ్యగలిగిందేమీ ఉండదు, నేల లోపలికి చెయ్యి పెట్టి కడగలేం కదా. అందుకే ఐదు చోట్ల బోర్లు వేసి పొర ఉందో లేదో చూడాలని ఆమె పట్టుబట్టింది.

ఆ పని అన్నయ్యకు వచ్చింది. ఆమె తనంతట తానే పెద్ద ఇంజనీరు గదికి వెళ్ళి చెప్పింది.

"ఆయన మా సొంత అన్నయ్య సార్. వేరేవాళ్ళకి ఇస్తే బాగుంటుంది."

పెద్ద ఇంజనీరు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "ఈ చుట్టుపక్కల ఇంకో బండేది మేడం? అయినా మీ అన్నయ్యంటే ఇంకా మంచిది. వేరేవాడైతే మీకు మస్కా కొట్టొచ్చు. ఆయన కొట్టడుగా."

ఆమెకూ ఆ మాట నచ్చింది. నచ్చకపోవడానికి ఏముంది?

బోర్లు పూర్తయ్యాయని చెప్పిన రోజు అన్నయ్య మట్టి సంచులు తనే మోసుకొచ్చి మట్టిగదిలో ఇనుప అరల మీద పేర్చాడు. ప్రతి సంచికీ బోరు నంబరు, లోతు రాసిన చీటీ కట్టి ఉంది. అలవాటు కొద్దీ ఆమె మొదటి బోరు పైసంచి విప్పి చిటికెడు పళ్ళ కింద పెట్టింది. వెన్నే. రెండో బోరు సంచి విప్పింది. అదీ వెన్నే. మూడోదాని ముడి మీద చెయ్యి వేసేసరికి అన్నయ్య ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఎన్ని తింటావే పిచ్చుకా? అన్నీ నేను కొరికి చూశాను. ఒక్కదాంట్లో కరకర వినపడితే ఒట్టు. ఇంత మట్టి తిన్నాక ఇవాళ మధ్యాహ్నం అన్నం కూడా దిగలేదు. ఇక నా చేత మళ్ళీ తినిపించకు."

ఆమె కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. సంచి ముడి అలాగే వదిలేసింది. తర్వాత బల్ల దగ్గర కూర్చుని మిగతా మూడు బోర్ల మట్టికి కూడా 'కొరికి చూశాను, నున్నటి బంకమట్టి' అని రాసేసింది. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ కొరకని మట్టిని కొరికానని ఆమె రాయలేదు. ఎంత తొందర ఉన్నా, ఎవరు విసుక్కున్నా రాయలేదు. కానీ అన్నయ్య కొరికితే తను కొరికినట్టు కాదా? పళ్ళు ఒక్కటే కదా, ఒకే ఇంటివి.

పటం తయారైంది. తూర్పు వాలు మొత్తం పచ్చగా నవనవలాడుతూ కనిపించింది. పెద్ద ఇంజనీరు చూసి మురిసిపోయి, ఆఖరి మీటింగుకు రోజు ఖాయం చేశాడు. ఆ మీటింగులో సరే అనుకుంటే చాలు, మర్నాటినుంచి లారీలు తూర్పు వాలుకే.

మీటింగుకు ముందురోజు పటాలు గీసే అమ్మాయి కంప్యూటరు ముందునుంచి లేచి వచ్చింది. ఆఫీసులో కొత్త, చేతిలో ఎప్పుడూ పెన్సిలు, మనసులో ఎప్పుడూ సందేహం.

"మేడం, ఒకటి అడుగుతాను. కోప్పడరు కదా?"

"కోపం తెప్పించేదైతే అడగకు."

"తూర్పు వాలులో మూడో బోరు నుంచి చివరిదాకా మధ్యపొరకి ఒకటే మార్కు వస్తోంది. ఒక్క గడిలో కూడా అటూ ఇటూ అవడం లేదు. మిగతా పట్టణమంతా ఎగుడుదిగుడుగా ఉంటే అక్కడ మాత్రం ఇస్త్రీ చేసినట్టుంది. నేనే ఎక్కడైనా ఒకే అంకె లాగేశానేమోనని రాత్రి నిద్ర పట్టలేదు."

"నువ్వు లాగలేదులే. నేల అలా ఉంది. రా, చూపిస్తాను" అని మట్టి మేడం ఆమెను మట్టిగదికి తీసుకెళ్ళింది. కుర్రదానికి పాఠం చెప్పబోతున్నానన్న హుషారులో ఉంది. మొదటి బోరు సంచుల్లో ఈసారి అడుగుది విప్పి, కొరికి చూపించింది. "చూడు, ముందు వెన్నలా ఉంటుంది. ఆఖర్న చిన్నగా టిక్కుమంటుంది. ఇసుక కాదు. ఎప్పటివో నత్తగుల్లల ముక్కలు. ఇదిగో, తెల్లగా." రెండో బోరుది కొరికింది. "ఇందులో గుల్లలు లేవు. రంగు కూడా కాస్త పసుపు. మనం చాలా దూరం జరిగాం కదా, నేల మారింది. ఇప్పుడు ఇది మూడోది."

మూడోది వెన్నలా జారింది. ఆఖర్న టిక్కుమంది.

ఆమె తెల్లముక్కను వేలి మీదికి తీసి చూసింది. నాలుగోది విప్పింది. వెన్న, ఆఖర్న టిక్కు. ఐదోది విప్పుతుంటే ముడి ఊడిరాలేదు. పళ్ళతో లాగి విప్పింది. అదే వెన్న, అదే టిక్కు, అవే తెల్లటి గుల్లముక్కలు. నేల అంత దూరం పోయి మళ్ళీ అచ్చంగా మొదటిచోటు నేలలా ఉండదు. ఎక్కడా ఉండదు. ఇవి మూడు బోర్ల మట్టి కాదు. ఒక్క బోరు మట్టినే నాలుగు వాటాలు వేసి సంచుల్లో నింపారు.

"మేడం, నీళ్ళు తెమ్మంటారా?" అంది పటాలమ్మాయి.

"వద్దు. నీ స్కూటరు ఉందా?"

ఇద్దరూ తూర్పు వాలుకు వెళ్ళారు. మూడో బోరు దగ్గర నేలలోంచి లేచిన గొట్టం, దాని మీద శుభ్రంగా బిగించిన మూత. చూడటానికి ఏ లోటూ లేదు. మూత తీసి, చివర ఇనుప గుండు కట్టిన కొలత టేపును లోపలికి వదిలింది. అది గలగలా చాలాసేపు దిగాలి. దిగలేదు. మనిషి నిలువు లోతు కూడా పోకుండానే ధన్‌మని ఆగింది. నాలుగు, ఐదు నంబర్ల దగ్గర పైపైన పాతిన గొట్టం ముక్క తప్ప ఏమీ లేదు. మూడో గొట్టం పక్కన గడ్డి కాలితో పక్కకు తోస్తే కింద తెల్లటి ఇసుక చెల్లాచెదురుగా పడి ఉంది. ఆమె వంగి కాస్త తీసుకుని నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయింది. దాన్ని కొరికి చూడాల్సిన పని కూడా లేదు.

పటాలమ్మాయి టేపు చుట్టి సంచిలో పెట్టింది. తర్వాత "బోరు ఎవరు వేశారు మేడం?" అని అడిగింది. పాపం, ఆ పిల్లకి తెలియదు. మట్టి మేడం స్కూటరు వెనక ఎక్కి కూర్చుంది.

సాయంత్రం ఆమె వెళ్ళేసరికి అన్నయ్య ఇంటి ముందు బండి కింద పడుకుని గ్రీజు పెడుతున్నాడు. చెప్పుల చప్పుడు గుర్తుపట్టి అక్కడినుంచే కేకేశాడు.

"పిచ్చుక వచ్చిందోయ్, టీ పెట్టు!"

లోపల వదిన గిన్నె పెట్టిన చప్పుడైంది. అన్నయ్య బండి కిందనుంచి పాక్కుంటూ వచ్చి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. నాన్న నవ్వే అది. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఎంతటి మాటైనా సగంలో ఆగిపోతుంది. ఈసారి ఆగకూడదని దారంతా అనుకుంటూ వచ్చింది.

"మూడో బోరు ఎంత లోతు వేశావు అన్నయ్యా?"

"రాసిచ్చాను కదే."

"రాసింది నేనూ చూశాను. వేసింది ఎంత?"

అన్నయ్య నీళ్ళు నమిలాడు. బండి చక్రం వైపు చూశాడు, గుడ్డ వైపు చూశాడు. ఆమె చేతిసంచిలోంచి ఆ మూడు బోర్ల పేరిట ఇచ్చిన మట్టిని, మూడు పొట్లాలు తీసి బండి మెట్టు మీద వరసగా పెట్టింది. అతను వాటిని ముట్టుకోలేదు.

"మూడో చోట రెండుసార్లు దించాను" అన్నాడు చివరికి. "దించినప్పుడల్లా లోపల ఇసుక కూలిపోయి రాడ్లను పట్టేసింది. పైకి లాగేసరికి నా ప్రాణం పోయింది. ఇంకోసారి దిగితే రాడ్లు అక్కడే ఉండిపోయేవి. నాలుగు, ఐదు ఇక మొదలు పెట్టలేదు."

"ఇసుక కూలిందని ఆ ఒక్క మాట చెప్తే సరిపోయేది కదా! నాకు కావాల్సింది బోరు కాదు, ఆ మాటే. ఇసుక కూలిందంటే అక్కడ మూత లేదని అర్థం. దాన్ని తెలుసుకోవడానికే కదా నిన్ను పంపింది!"

"ఏమని చెప్పమంటావే? నాన్న బండి మీద కూర్చుని, పని చేతకాక మధ్యలో ఆపేసి వచ్చానని చెప్పనా? నీకా? నా చేతుల్లో పెరిగిన దానివి, ఇవాళ ఆఫీసులో కుర్చీలో కూర్చుని ఉంటే, నీ ముందు నిలబడి చేతకాలేదని చెప్పనా?"

వదిన టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చి అక్కడే ఆగిపోయింది.

"వేరే ఆఫీసరైతే నేను ఈ పని చేసేవాడినే కాదు" అన్నాడు అన్నయ్య. గొంతు మెత్తబడింది, ఏదో మెచ్చుకుంటున్నట్టు మాట్లాడాడు. "వాళ్ళు ప్రతి సంచీ విప్పి చూస్తారు, దొరికిపోతాను. నువ్వైతే నా మాట మీద కళ్ళు మూసుకుని సంతకం పెడతావని తెలుసు. నువ్వు కాబట్టే చేశానే."

ఆమె పొట్లాలు తిరిగి సంచిలో వేసుకుంది. ఇంతసేపూ మనసులో ఒక మూల, తొందరలో ఏదో చేసేసి ఉంటాడు, ఎవరి పని అన్నది ఆలోచించి ఉండడు అని సర్దిచెప్పుకుంటూనే ఉంది. ఆలోచించాడు. అందరినీ లెక్కలోకి తీసుకుని, వాళ్ళల్లో మోసపోయేది తన చెల్లెలేనని తేల్చుకుని మరీ చేశాడు. ఆమె నమ్మకం అతనికి ముద్దు వచ్చిన వస్తువు కాదు, పనికి వచ్చిన వస్తువు.

వదిన గుమ్మంలోంచే నెమ్మదిగా అడిగింది. "ఆ దిగువ బావుల నీళ్ళే కదండీ మన ఇంటికి వచ్చేది?"

అన్నయ్య గుడ్డతో చేతులు మళ్ళీ తుడుచుకోవడం మొదలుపెట్టాడు. వదిన టీ గ్లాసులు ఎవరికీ ఇవ్వకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

అతను దగ్గరికి వచ్చి చెల్లెలి తల మీద చెయ్యి వేశాడు. "రేపు మీటింగుకి నేను వస్తాను. నేనే చెప్తాను, తప్పు నాదని. నీ మీదికి ఈగ కూడా వాలనివ్వను, సరేనా? ఏడవకు పిచ్చుకా." గ్రీజు వాసన వేసే ఆ చెయ్యి తల మీద పడగానే ఆమె చిన్నపిల్లలా ఏడ్చేసింది. ఏడ్చి, తలూపింది. నమ్మింది. ఇంత జరిగాక కూడా నమ్మిందా అని మీరు అడగొచ్చు. నమ్మింది. అన్నయ్యను నమ్మకుండా ఉండటం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

మర్నాడు మీటింగు హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు నిండిపోయాయి. గోడ మీద పచ్చటి పటం. ముందు వరసలో కాంట్రాక్టర్లు, అన్నయ్యకు ఎప్పుడూ పని ఇచ్చేవాళ్ళు. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, నున్నగా తల దువ్వుకుని వచ్చాడు. ఇక్కడినుంచి ఇంకో పనికి వెళ్ళాలని బండి కూడా గేటు బయట నిలబెట్టాడు. ఆమెను చూసి తల పంకించాడు. ఆమెకు ధైర్యం వచ్చింది.

తన వంతు రాగానే మట్టి మేడం లేచి పటం పక్కన నిలబడింది. "ఈ పటం తప్పు" అంది. హాలంతా గుసగుసలు. "మూడు బోర్ల మట్టిని నేను కొరికి చూడకుండానే చూశానని రాశాను. అది నా తప్పు, దానికి ఏ శిక్ష వేసినా పడతాను. ఆ మూడు బోర్లు అసలు వెయ్యలేదు. అక్కడ బంకమట్టి లేదు, ఇసుక ఉంది. తూర్పు వాలు ఎరుపు కావాలి."

పెద్ద ఇంజనీరు మొహం మాడిపోయింది. అందరూ సరేననడానికి కూర్చున్న మీటింగులో ఇది ఎవరూ ఊహించని మాట. "వెయ్యలేదా? బోరు వేసినాయన ఇక్కడే ఉన్నారుగా. ఏమండీ డ్రిల్లరు గారూ, మీరు చెప్పండి."

అన్నయ్య లేచాడు. ముందు వరసవైపు ఒకసారి చూశాడు. వాళ్ళందరూ తిరిగి అతన్నే చూస్తున్నారు. చొక్కా అంచు సర్దుకున్నాడు.

"నేను చెప్పేదేముంది సార్. బోర్లు వేసేవాణ్ణి, నాకు చదువు తెలియదు. మేడం గారు ఎక్కడ వెయ్యమంటే అక్కడ వేశాను. సంచుల మీద ఏం రాయమంటే అది రాశాను. తర్వాత ఆవిడ ఏం మార్చుకున్నారో నాకు తెలియదు. అంతా మేడం గారికే తెలుసు."

మేడం గారు. పుట్టినప్పటినుంచీ ఆ నోటి వెంట ఆమెకు ఆ మాట రాలేదు. బోర్ల సంగతి, సంచుల సంగతి, పదిమందిలో పరువు సంగతి, అన్నీ ఒక పక్కకు పోయాయి. ఆ రెండు మాటలే చెవిలో నిలిచిపోయాయి. నమ్మించి గొంతు కోయడం అంటే ఏమిటో ఆమె చాలాసార్లు విన్నది, ఊరికే అనే మాట అనుకునేది. నిజంగానే గొంతు దగ్గర ఎక్కడో తెగినట్టు నొప్పి పుట్టింది. నిన్న తల మీద పడిన చెయ్యి ఇంకా బరువుగా అక్కడే ఉన్నట్టుంది.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "ఇదేదో ఇంటి గొడవలా ఉంది" అన్నారు ఇంకెవరో. పెద్ద ఇంజనీరు చేతులెత్తేశాడు. "ఇప్పుడు ఎవరి మాట నమ్మమంటారు మేడం?"

"ఎవరి మాటా నమ్మకండి సార్. నా మాట కూడా." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది, అంత నిలకడగా ఉంది. "బండి గేటు బయటే ఉంది. తూర్పు వాలు దగ్గరే. అందరూ రండి, మీ కళ్ళ ముందే మూడో చోట వేయించండి. చోటు నేను చూపిస్తాను. బంకమట్టి వస్తే ఉద్యోగం మానేసి వెళ్ళిపోతాను."

కాదనడానికి పెద్ద ఇంజనీరుకు దారి లేకపోయింది. అంతమంది వింటున్నారు. అన్నయ్యకు అంతకన్నా లేదు. బోర్లు వేశానని ఇప్పుడే పదిమందిలో చెప్పినవాడు, వెయ్యను అంటే ఎలా?

మధ్యాహ్నపు ఎండలో అందరూ వాలు మీద చేరారు. బండి ఇంజను మోగుతోంది. అన్నయ్య మీటలు సరిచేస్తున్నట్టు నటిస్తూ ఆమె పక్కకు వచ్చాడు. ఇంజను చప్పుడులో ఎవరికీ వినపడదు.

"పిచ్చుకా" అన్నాడు, "ఒకటో బోరు పక్కన చూపించవే. అక్కడ బంకమట్టి వస్తుంది, నీకు తెలుసు. పటం అలాగే ఉంటుంది, ఏదో కోపంలో అన్నావని నీ ఉద్యోగమూ ఉంచుతారు, నా పరువూ ఉంటుంది. తర్వాత ఏదో ఒకటి సర్దుకుందాం. ఎవరికి తెలుస్తుంది?"

ఆమె అతని మొహంలోకి చూసింది. ఆ అడిగేవాడిలో చాక్లెట్టు చుట్టి ఇచ్చిన పిల్లవాడు కనిపిస్తాడేమోనని వెతికింది. కనిపించాడు, అదే బాధ. తర్వాత దిగువన వరసగా ఉన్న పంపు గదుల వైపు చూసింది. చెయ్యి చాపి మూడో గొట్టం పక్కన నేలను చూపించింది. 

రాడ్డు దిగింది. మొదట పైమట్టి వచ్చింది. తర్వాత తెల్లగా, పొడిగా, ధారలా ఇసుక వచ్చింది. ఇంకాస్త దిగేసరికి లోపల ఏదో కూలిన చప్పుడు, రాడ్డు బిగుసుకుపోయి బండి మొత్తం ఊగింది. అన్నయ్య చటుక్కున మీట వెనక్కి లాగాడు. రాడ్డు మూలుగుతూ పైకి వచ్చింది. గుంట చుట్టూ చేరినవాళ్ళలో ఎవరికీ ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది. పెద్ద ఇంజనీరు బూటుతో ఇసుకను తన్నుతూ నిలబడ్డాడు. "మీ మీద విచారణ తప్పదు మేడం" అన్నాడు.

"తప్పకూడదు సార్" అందామె. "ముందు పటం మార్చనివ్వండి."

పటాలమ్మాయి అప్పటికే పటం కాగితం మోకాళ్ళ మీద పరుచుకుని, ఎర్ర పెన్సిలుతో గళ్ళు నింపుతోంది.

జనం నీడకోసం పక్కకు తప్పుకున్నారు. మట్టి మేడం వంగి చిటికెడు ఇసుక తీసుకుని పళ్ళ మధ్య పెట్టుకుంది. కరకరలాడింది. చెవుల దాకా వినిపించింది. ఇంకో చిటికెడు అరచేతిలో పోసుకుని అన్నయ్య ముందుకు చాపింది. ఆమెకు అతను ఏది ఇచ్చినా ఆమె ఎప్పుడూ కాదనకుండా నోట్లో వేసుకుంది. అతను ఆ అరచేతి వైపు చూసి మొహం తిప్పుకున్నాడు.

"నన్ను క్షమించవే" అన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, అబద్ధపు తడి కాదు. "భయపడ్డాను, వాళ్ళందరి ముందు. సాయంత్రం ఇంటికి రా. వదిన నీకోసం చూస్తూ ఉంటుంది. రా పిచ్చుకా."

ఆమె అరచేతిలో ఇసుకను కింద వదిలేసి, చేతులు దులుపుకుంది.

"డ్రిల్లరు గారూ" అంది. "ఇంకా రెండు బోర్లు ఉన్నాయి. బండి తీయండి."